చీటీలో లేని మాట

మలికిపురం మండలం,
17 ఫిబ్రవరి 2025, సోమవారం.

గౌరవనీయులైన పాస్టర్ మత్తయి అయ్యగారికి,

ప్రభువు పేరిట మీకూ అమ్మగారికీ వందనాలు. నేను నేలపూడి కనకరత్నాన్ని. వయసు డెబ్బై ఆరు. ఆధార్ కార్డులో డెబ్బై రెండే ఉంది. ఇంట్లో నేనూ, నా కొడుకు కూతురు శిరీషా, ఇద్దరమే. కొడుకూ కోడలూ మస్కట్‌లో పని చేస్తున్నారు. కొబ్బరి ఈనెలు గీసి చీపుర్లు కట్టి అమ్ముతాను. చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మలికిపురంలో మందుల షాపు నడిపే సూరిబాబు గారు. ఆయన మన సంఘం మనిషి కాదు. మనవాళ్ళయితే నా మాటలకి మెరుగులు దిద్దుతారని ఆయన్నే అడిగాను.

మీరు ఊళ్ళో లేనప్పుడు, మొన్న గురువారం, కమిటీ కూర్చుని శిరీషని సండే స్కూలు నుంచి తీసేయాలని తీర్మానం రాసింది. వచ్చే ఆదివారం ఆరాధనలో చదువుతారట. చదవకముందే నా మాట వినండి.

జనవరి ఒకటో తేదీన మీరు వాగ్దానం చీటీల పళ్ళెం పట్టుకుంటే అందరిలాగే కళ్ళు మూసుకుని ఒకటి తీశాను. ఏడాదంతటికీ దేవుడు నాకిచ్చే మాట కదా అని, ఇంటికి వచ్చి శిరీష చేత చదివించుకున్నాను. "నీ మీద ఎవరికైనా కోపముంటే ముందు వెళ్ళి సమాధానపడమని ఉంది మామ్మా" అంది. "అందరికీ దీవెనలొస్తే నాకు పనొచ్చిందేమిటే?" అన్నాను. గిన్నెలు తోముకుంటూ, తలెత్తకుండా, "నాకేం తెలుసు, తీసింది నువ్వేగా" అంది.

కోపం ఎవరికో మీకు తెలుసు. నా తోటికోడలు దీవెనమ్మకి. ఒకే గోడకి అటొకరం ఇటొకరం ఉంటాం. పదకొండేళ్ళ కిందట ఆమె పెరట్లో వేసిన గుమ్మడిపాదు గోడెక్కి నా ఇంటి కప్పు మీద కాసింది. నా కప్పు మీద కాసింది నాదేనని, కోతపండుగకి ఆ కాయని ప్రథమఫలంగా చర్చిలో పెట్టాను. అక్కడ పెట్టిన కానుకల వేలం మొదలవగానే దీవెనమ్మ లేచి, "దేవుడికి కూడా దొంగకాయేనా అక్కా?" అంది. "నీ పాదుకి బుద్ధుంటే నీ ఇంటి మీదే కాసేది" అన్నాను. జనం నవ్వారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. చర్చిలో ఆమె కిటికీ పక్కన కూర్చుంటే నేను తలుపు పక్కన కూర్చునేదాన్ని.

జనవరి నాలుగున పొద్దున్నే వెళ్ళాను. బియ్యం చెరుగుతోంది. "ఆ కాయ నీది. తెలిసే కోసేను" అన్నాను. చేట ఆపలేదు. "ఇన్నాళ్ళకి ఎందుకొచ్చేవు? ఎవరు పంపేరు?" అంది. "చీటీ వచ్చింది, దేవుడు పంపేడు" అన్నాను. చేట పక్కన పెట్టి పీట ఇటు జరిపింది. "కూచో. ఆ కాయ పాడుకున్నవాళ్ళు కూరొండుకుంటే అంతా నీళ్ళేనంట, పారబోసేరంట" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ నెల తొమ్మిదిన దీవెనమ్మ ఈ సంగతే చర్చిలో సాక్ష్యం చెప్పింది. సంఘపెద్ద విజయకుమార్ గారు ముచ్చటపడి, ఆ చీటీ తెప్పించుకుని అందరికీ వినపడేలా చదివారు. అందులో ఉన్నది గాదెలు నిండే ఆశీర్వాదం. నాకు గాదె ఎక్కడిది, ఉన్నది బియ్యం డబ్బా. శిరీష లేచి నిలబడి, సమాధానపడమన్న మాట తనే కల్పించానని ఒప్పుకుంది. చదువురాని ముసలమ్మని దేవుడి పేరు చెప్పి మోసం చేసిందని కమిటీవాళ్ళు అంటున్నారు. పిల్ల అప్పటినుంచీ సరిగా తినడం లేదు.

అబద్ధం తప్పే. దానికి ఇంట్లో నేను గడ్డి పెట్టాను. కానీ అయ్యగారూ, పక్కింటి మనిషితో మాటల్లేకుండా పదకొండేళ్ళు ప్రభువు బల్ల దగ్గర రొట్టే ద్రాక్షరసమూ తీసుకున్నాను. ఒక్క పెద్ద కూడా ఆపలేదు. విధేయత గురించి మీరు ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు ఆమెన్ అన్నాను. ఇంటికొచ్చి ఆ గోడకేసే ఉమ్మేదాన్ని. ఆ పిల్ల చెప్పిన మాట చీటీలో లేదు సరే, వాక్యంలో లేదా? మీరే చెప్పండి.

ఇట్లు,
మీ సంఘస్థురాలు కనకరత్నం

తా.క. ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పించాను. మోసం అన్న మాట నాకు మింగుడుపడలేదు.

పిల్ల తలెత్తకుండా చదివిందని అప్పుడే అనుమానపడ్డాను. జనవరి రెండున చీపుర్లు అమ్మడానికి మలికిపురం వెళ్ళి, ఆ చీటీ ఈ సూరిబాబు గారికే ఇచ్చి చదవమన్నాను. "గాదెలు నిండుతాయంటండీ, ఆయ్, మంచిదే వచ్చింది" అన్నారు. దీవెనమ్మ గుమ్మం ఎక్కేనాటికి చీటీలో ఏముందో నాకు తెలుసు. సమాధానపడమన్నది దేవుడి మాటేనని అంతకు చాలా ముందే తెలుసు. అయినా నా అంతట నేను వచ్చానని చెప్పుకోవడం తలవంపులనిపించి, చీటీ మీద పెట్టాను. మొన్న అందరి ముందూ పిల్ల ఏడుస్తుంటే కూడా నోరు విప్పలేదు. దాని అబద్ధం ఒక్క పూటది. నాది నలభై రోజులు దాటింది.

దీవెనమ్మ ఇక్కడే కూర్చుని వింటోంది. "అయితే ఎవరూ పంపకుండానే వచ్చేవన్నమాట" అంది. "అవునే" అన్నాను.

తీర్మానంలో శిరీష పేరు కొట్టేసి నా పేరు రాయించండి. మార్చి మొదటి ఆదివారం బల్ల దగ్గర నన్ను ఆపండి. మీకు వీలుగా ముందు వరసలోనే కూర్చుంటాను.

నేలపూడి కనకరత్నం, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: నేలపూడి దీవెనమ్మ
సూరిబాబు, మందుల షాపు, మలికిపురం