గడ్డి పలకలు

ప్రియమైన డాక్టరు గారికి,

పోయిన ఉత్తరంలో మీరు నన్ను "గడ్డమ్మా" అని పిలిచినందుకు ఈసారి అసలు రాయకూడదనుకున్నాను. కానీ మీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను? ఫోనులో "తిన్నారా" అనేలోపే లైను తెగిపోతుంది. మీ ఊరి టవరు ఎప్పుడు బాగుపడుతుందో దానికే తెలియాలి.

గడ్డి పలక నిన్న మంటను తట్టుకుంది! పొయ్యి మీద నిలబెట్టి ఎంతసేపు కాల్చినా నల్లబడిందే తప్ప అంటుకోలేదు. ల్యాబులో అందరం చప్పట్లు కొట్టాం. అంతలో మా డైరెక్టరు వచ్చి, చప్పట్లు ఆగేదాకా నిలబడి, "మరి తేమ సంగతేమిటమ్మా?" అన్నాడు. తేమగదిలో పెట్టిన పలకలు పంటి నొప్పి వచ్చినవాడి బుగ్గల్లా ఉబ్బి కూర్చున్నాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని వెళ్ళిపోయాడు. అలా చేశాడంటే తిట్టినదానికంటే ఎక్కువ.

ఈ పని ఇలాగే ఉందండీ. బలం వస్తే బరువు పెరుగుతుంది. బరువు తగ్గిస్తే అంచులు రాలిపోతాయి. అయినా వదలను. కోతలయ్యాక పొలాల్లో గడ్డి తగలబెట్టడం, ఆ పొగకు సగం ఊరు ఆయాసంతో మీ ఆసుపత్రి వరండాలో పడుకోవడం నేను కళ్ళారా చూశాను. ఆ గడ్డినే గోడలు చేస్తే మీ కొత్త వార్డు కూడా లేస్తుంది. గింజల పిప్పి నుంచి తీసిన నా జిగురుకు తేమను ఓర్చుకోవడం నేర్పుతున్నాను. కొంచెం మొండిది. నాలాగే అనకండి.

బావగారు తన పాత గిడ్డంగి ఇవ్వడానికి ఒప్పుకున్నారు కదా, మిషన్లు ఎక్కడ దించారో మీరే దగ్గరుండి చూడండి. ఆయన ఊ అంటారు, తర్వాత మరిచిపోతారు.

వేళకు తింటారని నమ్ముతూ,
మీ గడ్డమ్మ

*

ప్రియమైన గడ్డమ్మకు,

పేరు నువ్వే ఖాయం చేశావు, ఇక నా తప్పు లేదు.

గిడ్డంగిలో మన షెడ్డు మొదలైంది. అన్నయ్య మాట నిలబెట్టుకున్నాడు. చుట్టుపక్కల రైతులందరినీ కూర్చోబెట్టి, "మా మరదలు గడ్డితో గోడలు కడుతుందట, ఈసారి ఎవరూ అగ్గిపుల్ల ముట్టుకోవద్దు" అని హుకుం జారీ చేశాడు. నిజంగానే ఎవరూ తగలబెట్టలేదు. ఈ కాలంలో నా వరండా ఇంత ఖాళీగా ఉండటం నేనిక్కడికి వచ్చాక ఇదే మొదటిసారి. నర్సు వచ్చి, "డాక్టరు గారూ, మనకేమైనా బదిలీ వచ్చిందా?" అని అడిగింది.

కానీ షెడ్డులో దుమ్ము సంగతి వేరే. ఒక మిషను గడ్డిని ముక్కలు కోస్తుంది, ఇంకొకటి జిగురు కలిపి ఒత్తుతుంది. కోత మిషను ఆడుతుంటే ఒకరి మొహం ఒకరికి కనబడదు. పని చేసేవాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళలో ఒకమ్మాయి గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. అందరూ పొడుగుపిల్ల అంటారు. అందరికంటే చురుకు, అందరికంటే నోరు. నన్ను చూడగానే, "డాక్టరు బాబూ, పొలంలో పొగ ఆపి, షెడ్డులో దుమ్ము పెట్టారా?" అంది. సమాధానం నీ దగ్గర ఉంటే చెప్పు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. తేమగదిలో నువ్వు కూడా పలకలాగా కూర్చోకు.

ప్రేమతో,
నీ డాక్టరు

*

ప్రియమైన మీకు,

పొడుగుపిల్ల అడిగిన ప్రశ్న నన్ను కూర్చోనివ్వడం లేదు. దుమ్మును బయటికి లాగే పెద్ద ఫ్యాను కావాలని డైరెక్టరును అడిగాను. "పలక తేమకు నిలిచాక ఫ్యాను, ఫ్యాను వచ్చాక పలక కాదు" అన్నాడు. ఈ మనిషితో వాదించడం గోడతో మాట్లాడినట్టుంటుంది. పైగా ఆ గోడ ఇటుక గోడ.

అప్పటిదాకా ఒక పని చేయండి. గడ్డిని మిషనులో వేసేముందు పైపైన నీళ్ళు చిలకరించండి. దుమ్ము అణుగుతుంది. ఎక్కువ తడపకండి, నాకు పలక పాడవుతుంది.

తేమ పరీక్ష మళ్ళీ పోయింది. ఏడుపు కూడా రావడం లేదు, చిరాకుగా ఉంది. ఇవాళ ఇంతే రాయగలను.

మీ
గడ్డమ్మ

*

ప్రియమైన గడ్డమ్మకు,

నువ్వు చెప్పిన చిట్కా అద్భుతం! దుమ్ము అన్న మాటే లేదు. చిలకరిస్తుంటే పని ఆగుతోందని ఆడవాళ్ళు విసుక్కున్నారు. అందుకని నేనే కుప్పల మీదికి గొట్టాలు వేయించి, ముందురోజే తడిపేసే ఏర్పాటు చేశాను. తెల్లారేసరికి పైన ఆరిపోతుంది, లోపల మెత్తగా ఉంటుంది, హాయిగా కోసుకుంటున్నారు. పలకలు కూడా బాగానే వస్తున్నాయి. వార్డుకు ఒక పక్క గోడ నిలబెట్టాం. చెయ్యి ఆనిస్తే చల్లగా ఉంది. అక్కడే కాసేపు నిలబడ్డాను, నువ్వు గుర్తొచ్చావు.

ఒక్కటే అర్థం కావడం లేదు. షెడ్డులో పనిచేసేవాళ్ళు కొందరు సాయంత్రమయ్యేసరికి చలి, జ్వరం, దగ్గుతో వస్తున్నారు. పొద్దునకి తగ్గిపోతుంది. సెలవురోజున ఎవరికీ రాదు. ఊళ్ళో తిరిగే జ్వరం కాదిది. కొంచెం కనిపెట్టి చూస్తున్నాను. నువ్వు కంగారు పడకు.

ప్రేమతో,
నీ డాక్టరు

*

ప్రియమైన ఇంజినీరుకు,

నువ్వు జవాబు రాయలేదు. పని ఒత్తిడి అనుకున్నాను. కానీ ఇక ఆగలేను.

జ్వరాలు ఎక్కువయ్యాయి. పొడుగుపిల్ల మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసంతో వంగిపోయింది. ఆ నోరుగల పిల్ల నాతో ఒక్క మాట ఆడలేకపోయింది, చేతితో గుండె చూపించి కూర్చుంది. చాలా ఆలోచించి రాస్తున్నాను. నాకు నీ జిగురు మీదే అనుమానం. గడ్డి వీళ్ళకు కొత్తకాదు, పుట్టినప్పటి నుంచీ అందులోనే పెరిగారు. వీళ్ళ జీవితంలోకి కొత్తగా వచ్చింది నీ జిగురొక్కటే. అందులో ఏం కలిపావో మొత్తం రాసి పంపు. అప్పటిదాకా షెడ్డు ఆపమని అన్నయ్యకు చెబుదామనుకుంటున్నాను.

నీ
డాక్టరు

*

డాక్టరు గారికి,

ప్రియమైన అనే మాట ఇవాళ కలం నుంచి రావడం లేదు. క్షమించండి.

నేను జవాబు రాయకపోవడానికి కారణం, పలక తేమ పరీక్ష నెగ్గింది! ఇన్నాళ్ళకు నెగ్గింది! ఆ కబురు మీకు ఎలా రాస్తే మీ మొహం వెలుగుతుందా అని కాగితాలు చింపుతూ కూర్చున్నాను. అంతలో మీ ఉత్తరం వచ్చింది.

నా జిగురులో ఏముందో మీకు తెలుసు. గింజల పిప్పి, సున్నం, కొంచెం ఉప్పు. అది తిన్న మా ల్యాబు పిల్లి కూడా బతికే ఉంది, మా వాచ్‌మన్‌ని అడగండి. అయినా మీరు అడిగారు కాబట్టి అంతా రాసి పంపుతున్నాను. ఆ మాట వినగానే డైరెక్టరు, "మీ ఆయనే వద్దంటున్నాడా?" అని నవ్వాడు. ఆ నవ్వు మీకు అర్థమవుతుందా? ఇంట్లో వాళ్ళ నోటితోనే నా పని చంపడానికి ఆయనకిప్పుడు దారి దొరికింది.

సున్నం తీసేసి వేరే రకం జిగురు చేసి పంపుతున్నాను. షెడ్డు ఆపకండి. ఆపితే గడ్డి మళ్ళీ మంటల్లోకే పోతుంది. అప్పుడు మీ వరండా నిండాక నన్నేమీ అనకండి.

ఇట్లు,
ఇంజినీరు

*

ఇంజినీరుకు,

కొత్త జిగురు వచ్చింది. నీ మాట నమ్మి షెడ్డు నడవనిచ్చాను. పొడుగుపిల్లకు మందులిచ్చి, విశ్రాంతి ఇప్పించి, తగ్గాక, "ఇప్పుడు జిగురు మారిందిలే, వెళ్ళు" అని నేనే పంపాను. మళ్ళీ పడింది. ఈసారి నా దగ్గర ఉంచడానికి వీల్లేక పెద్దాసుపత్రికి పంపాను. ఆక్సిజన్ మీద ఉంది.

నీ మీద కోపం లేదని అబద్ధం చెప్పలేను. నా మీద కూడా ఉంది. మనిద్దరం మంచి చేద్దామనే దిగాం. ఆ పిల్ల వాళ్ళమ్మ నన్ను అడిగింది, "పొగతో ఏటా కొన్నాళ్ళే బాధపడేవాళ్ళం బాబూ, ఇదేంటి?" అని.

ఆరోగ్యశాఖ వాళ్ళు విచారణకు నగరానికి పిలిచారు. ఈ వారంలోనే వస్తున్నాను. జిగురు నిషేధించమనే చెబుతాను. నీకు ముందుగా చెప్పకుండా ఆ కుర్చీలో కూర్చోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నిన్ను కలవడానికి ఇంటికి వస్తాను. తలుపు తీస్తావో లేదో నీ ఇష్టం.

డాక్టరు

*

ప్రియమైన మీకు,

మీరు నగరంలో మన ఇంటి తలుపు కొట్టి ఉంటారు. ఎవరూ తీసి ఉండరు. నేను అలిగి కాదు. మీ బస్సు అటు బయలుదేరిన రోజే నేను ఇటు వచ్చాను. ఈ ఉత్తరం మీ కన్సల్టింగ్ గదిలో బల్ల మీద పెడుతున్నాను. నగరం నుంచి రాగానే చదువుతారు.

నా జిగురు దోషి అయితే ముందు నాకే రావాలి ఆ జ్వరం అనుకున్నాను. కొంగు బిగించి, ఒత్తే మిషను దగ్గర జిగురు కలుపుతూ నిలబడ్డాను. చేతులు, మొహం అంతా జిగురే. సాయంత్రం ఏమీ రాలేదు. మర్నాడూ రాలేదు. పక్కనున్న ఆడవాళ్ళను అడిగితే, "మాకెప్పుడూ రాలేదమ్మా, అటువైపు వాళ్ళకే వస్తుంది" అన్నారు. అటువైపు అంటే కోత మిషను. అక్కడ జిగురు చుక్క కూడా ఉండదు.

అటువైపు వెళ్ళి నిలబడ్డాను. ఆ సాయంత్రం బావగారింట్లో దుప్పట్లన్నీ కప్పినా నాకు వణుకు ఆగలేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. అక్కయ్య గారు కషాయం తెచ్చి, "ఏం చూసుకుందామని వచ్చావే తల్లీ?" అని గదమాయించారు. నాకు మాత్రం ఆ వణుకులోనే నవ్వొచ్చింది. దొరికింది కదా అని.

లేవగలిగాక ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని గడ్డి కుప్ప ఎక్కాను. పైన బంగారంలా ఉంది. చెయ్యి లోపలికి పెట్టాను, వేడి. పొయ్యి దగ్గర పెట్టినట్టు వేడి. రెండు చేతులతో లాగితే బూడిదరంగు బూజు గుప్పున పొగలా లేచింది. ఊళ్ళో వాళ్ళు పుట్టినప్పటి నుంచీ చూసిన గడ్డి ఎండిన గడ్డి. తడిపి కుప్పలో ఉడకబెట్టిన గడ్డి కాదు. దుమ్ము కంటికి కనబడితే దగ్గి పక్కకు జరిగేవాళ్ళు. కోత మిషనులో పడ్డ ఈ బూజు కనబడకుండా ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగింది.

తడపమన్నది నేను. ముందురోజే కుప్పంతా తడిపింది మీరు. ఆ సంగతి మీరు రాశారు కూడా. తేమ గురించి పగలూ రాత్రీ తల బద్దలుకొట్టుకునేదాన్ని, నా గోడలో తేమ తప్ప ఇంకెక్కడి తేమా నా కంటికి ఆనలేదు. మీరేమో ఊపిరి గురించి చదివినవారు, జిగురు డబ్బా మీదనుంచి చూపు తిప్పలేదు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని లాగుతుంటే మధ్యలో ఆ పిల్ల పడింది.

షెడ్డు నేనే మూయించాను. ఆడవాళ్ళు ఊరుకోలేదు. "జ్వరం మాది, పనీ మాదే, మధ్యలో మీరెవరు?" అన్నారు. బావగారు నా మొహం చూడకుండా, "మరదలా, కోతలయ్యాయి, మళ్ళీ నాట్లు నెత్తిమీదికొచ్చాయి. నీ లెక్కలు తేలేదాకా గడ్డిని పొలంలో పెట్టుకుని కూర్చోలేను" అని వెళ్ళిపోయారు. ఇది రాస్తుంటే కిటికీలోంచి పొగ కనబడుతోంది. మొదటి పొలం ఆయనదే.

తప్పెవరిదని అందరూ అడిగారు. ఇద్దరిదీ అన్నాను. మీ పేరే ముందు చెప్పాను, ఏమనుకోకండి.

పెద్దాసుపత్రికి ఈ సంగతి చెప్పాను. మందు మార్చారు. వైద్యం మీదే కాబట్టి వివరాలు మీరు కనుక్కోండి. ప్రాణానికి భయం లేదన్నారు. కానీ మునుపటి ఊపిరి పూర్తిగా రాదట. డైరెక్టరుకు కూడా రాశాను. ఎండు గడ్డి, పైన కప్పు, దుమ్మును బయటికి లాగే ఫ్యాను, అందరి ముక్కులకూ మంచి గుడ్డలు, మిషను పక్కనే ఊపిరి కొలిచే మీ పరికరం. ఇవన్నీ లేకుండా ఒక్క పలక కూడా చెయ్యనని చెప్పాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో చూద్దాం. ఊడితే మీ వరండా ఊడుస్తాను.

నిన్న పెద్దాసుపత్రికి వెళ్ళి పొడుగుపిల్లను చూసి వచ్చాను. మంచం ఆమెకు చాలక కాళ్ళు బయట ఉన్నాయి. ముక్కుకు గొట్టం ఉంది, నోరు మాత్రం తిరిగొచ్చింది.

"షెడ్డు ఎప్పుడు తెరుస్తారమ్మా?"

"నువ్వు మళ్ళీ ఆ వైపు రాకూడదమ్మా" అన్నాను.

"నేను రానులెండి" అంది. ఊపిరి కూడదీసుకుని, ఆగి ఆగి చెప్పింది. "మా చెల్లి వస్తుంది. దానికి ఇంకో పనేముంది? అది వచ్చేలోపు బాగుచెయ్యండి."

రేపటి నుంచి గిడ్డంగికి కిటికీలు కొట్టిస్తున్నాను. పనివాడు దొరకలేదు. సుత్తి పట్టడం మీకు వచ్చో రాదో నాకు తెలియదు. వచ్చి బట్టలు మార్చుకుని గిడ్డంగి దగ్గరికి రండి.

మీ
గడ్డమ్మ