అమ్మడి కంప్యూటర్, నా బల్ల

మార్చి 2

అమ్మడి లాప్‌టాప్ చచ్చిపోయింది. కిక్కురుమనకుండా కూడా కాదు, కీచుమని అరిచి మరీ పోయింది. ఇరవై ఎనిమిదిన ఫైనల్ రివ్యూ. ఆ రోజుకి డ్రాయింగులు, రెండర్లు పెట్టకపోతే సెమిస్టర్ మళ్ళీ చదవాలట. రెండర్ అంటే ఏమిటే అన్నాను. ఇంకా కట్టని బిల్డింగ్‌కి ఫోటో తీయడం నాన్నా అంది.

ఆర్కిటెక్చర్ మూడో ఏడు. పోయినసారి కూడా ఈ లాప్‌టాప్ పుణ్యమా అని సగం షీట్లే పెట్టి, అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఈసారి డెస్క్‌టాప్ కొందామన్నాను. పార్టులు విడివిడిగా ఏరుకుని కట్టించుకుంటే మేలట. ఏరడానికి నువ్వూ రా, ఎవరేం చెప్పినా నువ్వు తొందరగా నమ్మవు కదా అంది. ముప్పై ఏళ్ళుగా తలుపులూ కిటికీలూ చేసుకుంటున్నవాణ్ణి, నాకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు. అయినా వస్తానన్నాను. మా ఆవిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మార్చి 4

షాపు రెండో అంతస్తులో ఉంది. షాపాయన నిదానస్థుడు, చొక్కా జేబులో పెన్నుకి బదులు స్క్రూడ్రైవర్. అమ్మడు క్లాసువాళ్ళు రాసిచ్చిన లిస్టు ఇచ్చింది. ఆయన చదివి, ఇది ఆటలాడుకునే మెషీనమ్మా, నువ్వు చేసేది బిల్డింగులు కదా అన్నాడు. గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దించి, RAM రెట్టింపు చేద్దామన్నాడు.

RAM అంటే ఏమిటన్నాను. చెప్పాడు. అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. అప్పుడు తెలిసింది, అది పనిబల్ల. బల్ల వెడల్పుగా ఉంటే తలుపు మొత్తం పరిచి పని చేసుకోవచ్చు, ఇరుకైతే ముక్కముక్కా దించాలి, ఎక్కించాలి. అదే అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పదిహేనేళ్ళ నుంచి చెబుతున్నాను, ఈ మాట నాకు తట్టలేదండీ అన్నాడు. నాకు కాస్త గర్వం వచ్చిన మాట నిజం.

పవర్ సప్లై దగ్గర అమ్మడు చవకది చాలంది. ససేమిరా అన్నాను. టేకు తలుపుకి రేకు కీలు వేస్తామా? మంచిదే వేయించాను. అద్దాలూ రంగు లైట్లూ ఉన్న కేబినెట్ చూసి దాని కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి. ఇది కంప్యూటరా సర్కస్ డేరానా అన్నాను. మూతి ముడిచింది. చివరికి నల్లటిది, సాదాది తీసుకున్నాం. ప్రాసెసర్, SSD వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు, నేను తలూపాను.

మార్చి 8

అమ్మడి కంప్యూటర్ కోసం మొదలుపెట్టిన బల్ల అయిపోయింది. కింద కుడిపక్క చిన్న అల్మరా, కేబినెట్ అందులోకి. పైన టేకు వెనీర్, కాగితమంత పల్చటి చెక్క పొర. తలుపు వేస్తే కంప్యూటర్ ఉన్నట్టే తెలియదు. వైర్లకి కన్నం కూడా వైరంతే పెట్టాను. దుమ్ము కాదు కదా, చీమ దూరే సందు లేదు. నా చేతుల్తో ఇంతకంటే మంచి పని చేశానా అని ఆలోచించాను. చేయలేదు.

వంటింటి అల్మరా అడిగి నాలుగేళ్ళయింది, అమ్మడి బల్లకి మాత్రం మూడు రోజులు అంది మా ఆవిడ. విననట్టు బల్లని ఇంకోసారి తుడిచాను.

మార్చి 10

పెట్టాం. పనిచేస్తోంది! గంటలు పట్టే బొమ్మ నిమిషాల్లో వస్తోందట. అమ్మడు కుర్చీలో గిర్రున తిరిగింది. దాన్ని అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో.

మార్చి 13

పెద్ద రెండర్ పెట్టింది. ఇరవై నిమిషాలకి టప్పున ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆగింది.

మార్చి 14

షాపుకి మోసుకెళ్ళాం. ఆయన టేబుల్ మీద రెండు గంటలు నిక్షేపంగా నడిచింది. ఇంటికి తెచ్చాం. ఇరవై నిమిషాలు.

మార్చి 16

షాపాయన మీద విరుచుకుపడ్డాను. మంచి మాటలు చెప్పి నాసిరకం అంటగట్టావన్నాను. పిల్ల ఏడాది పోతే నువ్వు తెచ్చిస్తావా అన్నాను. ఇంట్లో ఎక్కడ పెట్టారండీ అని అడిగాడు. నా బల్ల గురించి నీకెందుకు, అది ఫస్ట్ క్లాస్ బల్ల, ముందు నీ సరుకు సంగతి చూసుకో అన్నాను. ఇంకేదో అనబోయి మానేశాడు. పవర్ సప్లై మార్చి ఇచ్చాడు. అమ్మడు తల దించుకుని నిలబడింది.

మార్చి 17

మళ్ళీ అదే. ఇంకా పదకొండు రోజులు. అమ్మడు అన్నం కెలికి లేచిపోయింది. ఈ చదువు నాకు రాసిపెట్టి లేదేమో నాన్నా అంది.

మార్చి 18, ఉదయం 10

అమ్మడు కాలేజీకి వెళ్ళింది. వైర్లేమైనా వదులయ్యాయా అని అల్మరా తలుపు తీశాను. తలుపు లోపలి అంచున అతికించిన ఎడ్జ్ బ్యాండ్, చెక్క అంచుని కప్పే పట్టీ, జానెడు పొడుగున లేచిపోయి ఉంది. ఛీ, జిగురు మంచిది కాదనుకున్నాను. తరవాత గుర్తొచ్చింది. అది ఇస్త్రీ పెట్టె పెట్టి అంటించే జిగురు. కాలితే తప్ప ఊడదు.

రోజూ అమ్మడు నొక్కే బటనే నొక్కి కంప్యూటర్ నడిపించి, తలుపు మూసి, అరగంట ఆగి చెయ్యి లోపల పెట్టాను. అబ్బ!

దాన్ని ఊపిరాడకుండా చేసింది నేనే.

మార్చి 18, సాయంత్రం

చెప్పలేదు. అమ్మడు మళ్ళీ షాపుకి వెళ్దామంది. సరేనన్నాను. సిగ్గులేని మనిషిని.

మార్చి 19

కాఫీ తాగుతుండగా చెప్పేశాను. తప్పు షాపాయనది కాదు, నా బల్లది, నిన్ననే తెలిసింది, నిన్న చెప్పలేకపోయాను అన్నాను. అమ్మడు నా వంక చూసింది. కోప్పడుతుందనుకున్నాను. పగలబడి నవ్వింది, నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళు. ఫస్టియర్‌లో మొదటి పాఠమే వెంటిలేషన్ నాన్నా, గాలి ఒక పక్క రావాలి, ఇంకో పక్క పోవాలి అని పరీక్షలో పేజీలు నింపాను, ఇన్నాళ్ళూ ఈ బల్ల కింద కాళ్ళు వెచ్చగా ఉన్నాయని సంబరపడ్డాను అంది. తల్లీ కూతుళ్ళిద్దరూ నన్ను చూసి మళ్ళీ నవ్వారు. నాకూ వచ్చింది.

గీతలు తనే గీసింది, ఇక్కడ లోపలికి, ఇక్కడ బయటికి అని. రంపం నేను పట్టుకున్నాను. వెనక చెక్క మొత్తం తీసేశాను. ముందు తలుపుకి కింద బారుగా కోశాను. కోస్తుంటే బాధేసింది, అబద్ధం ఎందుకు. కోశాక రెండర్ పెట్టింది. ఇరవై నిమిషాలు దాటింది. గంట దాటింది. ముగ్గురం నిలబడే ఉన్నాం.

మార్చి 20

షాపుకి వెళ్ళాను, ఒక్కణ్ణే. క్షమించమన్నాను. ఆ రోజే అడగబోయాను, మీరు అడగనిస్తేగా అన్నాడు. టీ తెప్పించాడు.

మార్చి 26

అన్నీ అయిపోయాయి. పద్నాలుగు షీట్లు. అమ్మడు పట్టపగలు గుర్రుపెట్టి నిద్రపోతోంది.

మార్చి 28

పాస్. ఇద్దరు టీచర్లు కుర్చీల్లోంచి లేచి దగ్గరికొచ్చి మరీ చూశారట.

సాయంత్రం నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటర్ తెర మీద తను గీసిన బిల్డింగ్‌లోకి తీసుకెళ్ళింది. లైబ్రరీ. మెట్లెక్కాం. ఎండ మెట్ల మీద పడుతోంది. తలుపు దాకా వచ్చాక మంచినీళ్ళకని లేచి వెళ్ళింది.

నేను చెయ్యి చాపి తలుపు తోశాను. వేళ్ళకి అద్దం తగిలింది. మా ఆవిడ చూసి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.