సర్కాసియా రాకుమారి అసలు పేరు

బవరీ, న్యూయార్కు

అమ్మా, నేను కులాసా. జుట్టు గుబురుగా నిలబడాలని బీరుతో తలంటుకుంటున్నానే గాని తాగడం లేదు, బెంగపడకు. ఈ వింతల ప్రదర్శనలో నాది ఎక్కడో ఉన్న సర్కాసియా దేశపు రాకుమారి వేషం. నా ఫోటోలు బాగా అమ్ముడుపోతున్నాయి.

నిన్న ఒకాయన నన్ను సర్కాసియా భాషలో మాట్లాడమన్నాడు. నువ్వు మమ్మల్ని తిట్టే ఐరిష్ తిట్లే గుక్క తిప్పుకోకుండా అందుకున్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఒక ముసలమ్మ మాత్రం నవ్వుతూ దగ్గరికొచ్చింది. గుట్టు రట్టయిందనుకున్నాను. ఆవిడ ఫోటో కొని, "మీ అమ్మది ఐర్లండులో మా కెర్రీయేనా పిల్లా? దీని వెనకాల నీ అసలు పేరు రాసివ్వు" అంది మెల్లగా. హనోరా షీహీ అని రాసిచ్చాను.

చెల్లి దగ్గు తగ్గిందా? నాన్నకు నా దండాలు. ఈసారి దీవెనలతో పాటు కొత్త తిట్లు కూడా చెల్లిచేత రాయించి పంపు. నాకొచ్చినవి అయిపోతున్నాయి.