మగ్గం గుంతలోని రెండు సీసాలు

తమ్ముడూ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి పుట్టినరోజు ఇది. పొద్దున దీపం పెట్టి, నువ్వు హోటల్లో పనిచేసే రోజుల్లో తెచ్చిన బోర్డో వైన్ సీసాలు రెండూ తీయించాను. చల్లగా ఉంటుందని మన పాత మగ్గం గుంతలో దాచావుగా. చెరొకటి ఎంచుకుని, పాతబడ్డాక నీది బాగుంటుందా, మన చిన్నతమ్ముడు చిన్నోడిదా అని మీ పందెం.

చిన్నోడు రెండూ రుచి చూసి, "నాదే గెలిచింది!" అన్నాడు.

నీ భార్య ఊరుకోలేదు, నన్ను ముందుకు లాగింది. "ఆయన లేడని గట్ల చెప్తవా మరిదీ? వదినె చెప్పాలె."

ఎన్నడూ ముట్టనిదాన్ని, తీర్థంలాగా అరచేతిలో పోయించుకున్నాను. చిన్నోడిది గొంతు పట్టింది. నీది నేరేడుపండు వాసనతో మెత్తగా దిగింది.

"జర చెప్పక్కా, ఏది?" అన్నాడు చిన్నోడు.

నేను నీ సీసా ముందు మళ్ళీ అరచెయ్యి పట్టాను.