షెడ్డుకు అడ్డమొచ్చిన కిటికీ

తెనాలి, మంగళవారం రాత్రి

సాయంత్రం మేస్త్రీ వచ్చి కారు షెడ్డుకు అంచనా చెప్పాడు. ఇంటి గోడనే షెడ్డుకూ వాడుకుంటే నాలుగు లక్షల్లో అవుతుందట. అలా చేస్తే మా పడకగది కిటికీ మూసేయాలి. మంచం దిగలేని ఆఖరి నెలల్లో మా ఆవిడ సుశీల ఆ కిటికీలోంచే సందులో వచ్చేపోయేవాళ్లను పలకరించేది.

"కిటికీ ఉంచాలంటే వేరే గోడ లేపాలండి. ఇంకో లక్ష పడుద్ది," అన్నాడు మేస్త్రీ.

"మూసేద్దాం నాన్నా. ఆ గదికి ఇంకోటి ఉందిగా," అన్నాడు మా అబ్బాయి వాసు.

"వాస్తు ఒప్పుకోదు," అన్నాను.

వాసు నా ముఖంలోకి చూశాడు. "ఇల్లు కట్టేటప్పుడు సిద్ధాంతిని గేటు దగ్గర నుంచే పంపేశావు. నీకు వాస్తేంటి నాన్నా?"

మేస్త్రీ మాత్రం నమ్మాడు. "చెరుకుపల్లి సిద్ధాంతి గారిని రేపు పొద్దున్నే తీసుకొస్తానండి. ఆయన మూయమంటే ఇంక మీకు అనుమానం ఉండదు."

ఆయన మూయమంటే నా దగ్గర మరో సాకు లేదు. ఈలోపే వాసుకి అసలు సంగతి చెప్పాలి. ఇందాక వాడి గది దాకా వెళ్లాను. లైటు వెలుగుతోంది. తలుపు తట్టకుండానే తిరిగొచ్చాను. చెప్పాలంటే ముందు సుశీల పేరు ఎత్తాలి. పెద్దకర్మ అయిన రోజు నుంచి మేమిద్దరం ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తలేదు.