పెరిగే పిల్లకని కొన్న బ్యాగు

తిరుపతి

నాయనా, ఫోన్లో చెప్తే నీకు సగమే వినబడతాది, అందుకే ఈ కార్డు. ఈడ అందరం బాగుండాము, దిగులు పడొద్దు.

మొన్న బడికి పోయే ముందు చరితకు జడలు మడిచి కడితే ఒక రిబ్బను భుజానికి తగిలింది, ఇంకోటి తగల్లేదు. సూస్తే పిల్లకు ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం. పెరిగే పిల్ల, పదో తరగతి దాకా వస్తాదని నువ్వు కొనిచ్చిన బ్యాగు రెండు భుజాలకూ వేసుకుంటే తొడలకు కొట్టుకుంటాదంట. అందుకని ఒక్క భుజానికే తగిలించుకుని పోతా ఉండాది. నొప్పి పుట్టినా చెప్పలేదు, నువ్వు నొచ్చుకుంటావని. అరిచినాను. "తాత పాల క్యాను ఎప్పుడూ ఒక్క భుజానే మోస్తాడు కదమ్మా" అనింది.

నడుము దాటని చిన్న బ్యాగు కొన్నాము. బరువు పుస్తకాలు వీపుకు ఆనేట్టు సర్ది, రెండు పట్టీలూ నేనే బిగించి పంపిస్తా ఉండాను. ఇప్పుడు నొప్పి లేదు.

ఆవు ఈనిందా? జున్నుపాలు పంపించు. అమ్మను మోకాళ్లకు నూనె రాసుకోమను. నువ్వు ఆ క్యాను సైకిలుకు కట్టుకో. నీ భుజం నేను సూడలేదనుకోవద్దు.

నీ బ్యాగు ఎవురికీ ఇయ్యలేదు, బీరువా మీద పెట్టినాను. పిల్ల దానికి సరిపడా పెరిగినాక నువ్వే వచ్చి తగిలించల్ల.

నీ కూతురు
ప్రశాంతి