అవ్వ వసారా, పట్టుపురుగుల కుంపటి

నాయనకు హిందూపురం నుంచి సునంద నమస్కారాలు. ఫోనులో నా ఏడుపు విని హడలిపోయావని అవ్వే ఈ కార్డు రాయిస్తోంది. ఆమె బాగుంది.

ఎంత చలైనా వసారా వదిలి లోపలికి రాదు కదా! కరెంటు హీటరు పెడితే వేడంతా వీధిపాలు, బిల్లు మా పాలు. ఖర్చు తగ్గుతుందని మా ఆయన పట్టుపురుగుల షెడ్డును వెచ్చబెట్టే బొగ్గుల కుంపటి తెచ్చి, వసారా చుట్టూ టార్పాలిన్ పట్ట బిగించేశాడు. లోపల నిండిన బొగ్గుల విషగాలికి అవ్వ తల తిరిగి ఒరిగిపోయింది. పక్కింటి ఖాజాబీ పరుగున వచ్చి పట్ట లాగేస్తే, గాలి తగిలి తేరుకుంది. ఇప్పుడు వీధివైపు తెరిచే ఉంచి, కాళ్ల దగ్గర కుంపటి పెడుతున్నాం.

ఆమె కంబళి ధర్మవరంలోనే ఉండిపోయింది, బస్సులో పంపు. నీ దగ్గు తగ్గిందా? అమ్మను అడిగినట్టు చెప్పు.

అవ్వ మాట: "ఒరే, నేనేమన్నా పట్టుపురుగునా, గూట్లో పండుకునేకి? వీధి కనపడతాండాది, నాకది సాలు."